షాఫ్టాయన వచ్చే వేళ

టీ వేళకి వస్తానని షాఫ్టాయన కబురు పెట్టాడు. ఆ వేళ ఇంకా కాలేదు, ఎండ ఇంకా ఎదురు మేడ పిట్టగోడ మీదే ఉంది, అది జారి జారి మా కిటికీ చువ్వల దాకా వచ్చేసరికి ఆయన మెట్లెక్కుతాడు, ఆ నీలం కుర్చీలో కూర్చుంటాడు, ఇచ్చిన మంచినీళ్లు గ్లాసు అడుగంటేదాకా తాగుతాడు, తాగి నా కోడలు తనని పెళ్లి చేసుకుంటుందో లేదో తెలుసుకుంటాడు. అడగడం ఎప్పుడో అడిగేశాడు, ఈవేళ జవాబు కోసం వస్తున్నాడు. ఆ జవాబు నా కోడలి దగ్గర లేదు. నిన్న గిన్నెలు కడుగుతూ, నావైపు వీపు పెట్టి, "మీరేమంటే అదే చెప్తాను అత్తయ్యా" అంది, అనేసి కుళాయి ఇంకాస్త తిప్పింది, నేనేమన్నా వినపడకుండా. అంటే జవాబు నా దగ్గరుంది. ఉండిపొమ్మంటే ఉండిపోతుంది, వెళ్లమంటే వెళ్తుంది. రెండూ చిన్న మాటలే. ఈ మంచం మీద పడుకుని పొద్దుట్నుంచీ రెంటినీ నోట్లో అటూ ఇటూ తిప్పుతున్నాను, ఏదీ బయటికి రావడం లేదు.

ఆయనకి చాలా దూరాన ఉద్యోగం కుదిరింది. సముద్రపు నీళ్లని మంచినీళ్లు చేసే ప్లాంటట, అక్కడి వాల్వులన్నిటికీ ఆయనే పెద్ద, ఉండడానికి ఇల్లు వాళ్లే ఇస్తారట. మీరూ రావాలి పెద్దమ్మగారూ అని నన్ను కూడా పిలిచాడు. మొహమాటానికి పిలిచిన పిలుపు కాదది, పిలిచి ఊరుకోకుండా అక్కడ నాకు ఏ గది, ఏ వైపు కిటికీ అని కూడా ఆలోచించుకుని వచ్చి చెప్పాడు, అందుకే ఇంకా కష్టంగా ఉంది. చెడ్డవాడైతే ఎంత సుఖంగా ఉండేది, ముఖం చిట్లించి వద్దనేసి అటు తిరిగి పడుకునేదాన్ని. నేను పడుకోలేదు, కళ్లు మూసుకున్నానంతే, రెప్పల మీద వెలుగు ఎర్రగా ఉంది, కింద కుట్టుమిషన్లు బాగుచేసే షాపులో ఎవరో ఒక మిషన్ని తొక్కి చూస్తున్నారు, ఆగుతుంది, మళ్లీ కొంచెం పరిగెడుతుంది, మళ్లీ ఆగుతుంది. గది ఆ చివర బల్ల దగ్గర కోడలు పెన్సిలు పెట్టి కాగితం మీద గీస్తున్న చప్పుడు. ఆ చప్పుడుకి నేనెంత అలవాటు పడ్డానంటే అది ఆగితే నాకు మెలకువొస్తుంది. అది ఇక్కణ్నుంచి వెళ్లిపోతే నేను నిద్రపోవడమెట్లా, లేవడమెట్లా.

"అత్తయ్యా, మెలకువగానే ఉన్నారా" అంది తను, నా వైపు చూడకుండానే. ఉన్నానన్నాను. కాస్త చదివిపెడతారా అంది. లేచి కూర్చుని కళ్లజోడు వెతుక్కున్నాను, దిండు కిందే ఉంది, ఎప్పుడూ దిండు కిందే ఉంటుంది, ఎప్పుడూ వెతుక్కుంటాను. మేం పనిచేసే పద్ధతి ఇది, నేను కేటలాగు చదువుతాను, తను రాసుకుని లెక్క కడుతుంది. గొట్టంలో నీళ్లనో ఆవిరినో ఆపడానికీ వదలడానికీ వాల్వు ఉంటుంది, పెద్ద కార్ఖానాల్లో వాటిని మనుషులు చేత్తో తిప్పరు, వాల్వు తల మీద ఒక యంత్రం కూర్చుని తిప్పుతుంది, దాన్ని యాక్చుయేటర్ అంటారు. కొన్ని గొట్టంలో ఒత్తి పంపిన గాలితో పనిచేస్తాయి, కొన్ని కరెంటుతో. ఏ వాల్వుకి ఏ రకం పెట్టాలో, ఎంత బలమున్నది పెట్టాలో తేల్చి చెప్పడం నా కోడలి పని. నా కొడుకు చేసిన పని కూడా అదే. ఇద్దరూ ఒకే ఆఫీసులో ఎదురెదురు బల్లల దగ్గర ఈ లెక్కలు కడుతూనే ఒకరినొకరు చూసుకున్నారు, చూసుకుని ఎన్ని లెక్కలు తప్పారో వాళ్ల పైఆఫీసరు పెళ్లిలో చెప్పి అందరినీ నవ్వించాడు.

వాడు పోయాక తను ఇంటికే పని తెచ్చుకుని చేస్తానంది. తెచ్చుకుంది కానీ కేటలాగు విప్పలేకపోయింది. పేజీల నిండా వాడి పెన్సిలు టిక్కులు ఉండేవి, మెడ వంచిన పక్షుల్లా ఉండేవి ఆ టిక్కులు, ఒక్కో దాన్ని దాటలేక తను బొమ్మలా కూర్చునేది. నేను చదువుతానులే, నువ్వు రాసుకో అన్నాను ఒక రోజు. నేను బడి మొహం చూసినదాన్ని కాదు, పొట్లాలు విప్పిన కాగితాలూ షాపుల బోర్డులూ చదివి చదివి అక్షరాలు నేర్చుకున్నదాన్ని, నవలలు చదవగలిగేసరికి నాకు మనవలు ఉండాల్సిన వయసొచ్చింది. కేటలాగు నవల కాదు, అందులో ఎవరూ ఎవరినీ వదిలిపెట్టి వెళ్లరు. అందుకే నాకది నచ్చింది. ముద్ద ముద్దగా చదివేదాన్ని, తను దిద్దేది, కొన్నాళ్లకి దిద్దడం మానేసింది. ఇప్పుడు ఆ కేటలాగులు పాతబడి కొత్తవి వచ్చాయి, వీటిలో టిక్కుల్లేవు, తన కళ్లకీ అక్షరాలు బాగానే ఆనుతాయి, నేను చదవాల్సిన అవసరమే లేదు. అయినా పిలుస్తుంది, అయినా చదువుతాను. అవసరం పోయిన తర్వాత కూడా మిగిలిన పని ఇది, దీన్ని ఏమనాలో నాకే పుస్తకంలోనూ దొరకలేదు.

వాల్వు సైజు చదివాను, ఎంత ఒత్తిడి మీద పనిచేస్తుందో చదివాను, మూసి ఉన్నదాన్ని మొదటిసారి కదిలించడానికి ఎంత బలం కావాలో చదివాను. ఇది సీతాకోకచిలుక వాల్వు, గొట్టానికి అడ్డంగా పళ్లెంలాంటిది ఒకటి ఉంటుంది, పావు తిరుగుడు తిరిగితే తెరుచుకుంటుంది, మళ్లీ పావు తిరిగితే మూసుకుంటుంది. మూసుకుని ఎక్కువ కాలం కూర్చున్న వాల్వు తన సీటుకి, అంటే పళ్లెం ఆనే అంచుకి, అతుక్కుపోతుందని నాకు మొదట్లోనే చెప్పింది తను. దాన్ని ఊడదీయడానికే అన్నిటికన్నా ఎక్కువ బలం ఖర్చవుతుంది, ఒక్కసారి కదిలాక మధ్యదారిలో ఏమంత అక్కర్లేదు. అందుకని కొనేవాళ్లని ముందు అడిగేది అదే, మీ వాల్వు కదలకుండా ఎన్నాళ్లు కూర్చుంటుందండీ అని. వారాలా, నెలలా. చాలామంది చెప్పలేరు. ఎవరు మాత్రం చెప్పగలరు, నేను ఈ గదిలో కూర్చుని ఎన్నాళ్లయిందో నన్నడిగితే నేను చెప్పగలనా.

తను ఫోన్ ఎత్తింది. కొనేవాళ్ల తరఫు ఆయనతో మాట్లాడుతోంది, ఇనుము కరిగించే కార్ఖానా వాళ్లట, ఆయన గొంతు పెద్దది, ఇవతలికి కూడా వినపడుతుంది. మీరు పంపిన ఫారంలో ఒక గడి ఖాళీగా వదిలేశారు సార్ అంటోంది తను. ఏ గడి అన్నాడాయన.

"గాలి పోతే మీ వాల్వు ఏం చెయ్యాలి సార్?"

"మీకు తెలియనిదా అమ్మా, మీరే ఏదో ఒకటి రాసెయ్యండి."

"నాకెలా తెలుస్తుంది సార్, కొలిమి మీది కదా."

ఆయన నవ్వాడు, మూసుకోవాలని రాయమన్నాడు, మేం కొన్నవన్నీ మూసుకునేవే, ఎప్పుడూ అవే కొంటాం అన్నాడు. తను పెన్సిలు కాగితానికి ఆనించి రాయకుండా ఆపింది. ఇది కొలిమి గోడల్ని చల్లబరిచే నీళ్ల గొట్టం కదా సార్ అంది, గట్టిగా కూడా అనలేదు. అటు వెనకాల ఎవరో ఇనుపరేకు ఈడుస్తున్న మోత వినిపించింది. తర్వాత ఆయన గొంతు తగ్గి వచ్చింది. "తెరుచుకోవాలి. తెరుచుకోవాలని రాయండమ్మా. మూసుకుంటే కొంప మునుగుతుంది." తను రాసుకుని, ఫోన్ పెట్టేసి, నా వైపు తిరిగి కళ్లు పెద్దవి చేసింది, చూశారా అన్నట్టు. నేనూ కళ్లు పెద్దవి చేశాను. ఇలాంటి చిన్న చిన్న విజయాలు మేమిద్దరమే పంచుకుంటాం, ఇంకెవరితో చెప్పినా ఇందులో ఏముంది అంటారు. అక్కడ, సముద్రం పక్కన, షాఫ్టాయనతో చెబుతుంది. ఆయనకి అర్థమవుతుంది కూడా. నాకన్నా బాగా అర్థమవుతుంది.

గాలి పోతే ఏం చెయ్యాలి అనే ప్రశ్న నేను మొదట విన్నప్పుడు చదవడం ఆపేశాను. తను చాలా మామూలుగా చెప్పింది, మూడే మూడు జవాబులు అత్తయ్యా, మూసుకోవాలి, తెరుచుకోవాలి, లేదా ఉన్నచోటే ఉండిపోవాలి, ఏదన్నది ముందే తేల్చుకోకపోతే ఆ వేళకి ఏదో ఒకటి జరిగిపోతుంది అని. నాకు మాత్రం మా అమ్మ గుర్తొచ్చింది. అమ్మని బస్సెక్కించి పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు, కిటికీలోంచి చెయ్యి బయట పెట్టింది, నా తల నిమరడానికో, వెళ్లు వెళ్లు అనడానికో తెలియలేదు, చెయ్యి అందేలోపల బస్సు కదిలింది. మూసుకున్న చెయ్యో తెరిచిన చెయ్యో ఇప్పటికీ తేల్చుకోలేను, ఒక్కోసారి అరచెయ్యి కనపడుతుంది, ఒక్కోసారి పిడికిలి. మా ఆయన వెళ్లిన పొద్దు ఇంకో రకం, ఆయన వెళ్తున్నాడని నాకూ తెలియదు, ఆయనకీ తెలియదు, గొడుగు మర్చిపోయారు అని మెట్ల మీంచి అరిచాను, వానెక్కడుంది అన్నాడు, అదే ఆఖరి మాట, నా దగ్గర ఆయన ఆఖరి మాటగా మిగిలింది వానెక్కడుంది. కొడుకు సంగతి నేను తలుచుకోను. తలుచుకోను అనుకుంటూనే వాడు అటక మీంచి పెట్టె దించుతూ అమ్మా పక్కకి జరుగు, నీ మీద పడుతుంది అన్నది వినిపిస్తుంది. పక్కకి జరిగాను. నా మీద ఏమీ పడలేదు. జ్వరం వాడికొచ్చింది, ఆసుపత్రి మంచం మీద వాడు నా వైపు చూసినప్పుడు కూడా నేను ఏదో అడ్డంగా నిలబడ్డానేమోనని పక్కకి జరిగాను.

ఇంత పోగొట్టుకున్నదాన్ని కాబట్టే నాకు గుమ్మం అంటే భయం. ఎవరు ఇల్లు కదిలినా కిటికీ దగ్గర నిలబడతాను, వాళ్ల తల మలుపు తిరిగి గోడ వెనక్కి పోయేదాకా చూస్తాను. కూరల బండి దాకా వెళ్లొస్తానన్నా చూస్తాను. కోడలికి తెలుసు, మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, వెనక్కి చూడకుండా, జడ సర్దుకుంటున్నట్టు చెయ్యి పైకెత్తి వెళ్తుంది. చూడండి చూడండి అన్నట్టు ఉంటుంది అది. ఏ కొడుకూ ఏ కూతురూ ఏ తల్లికీ చెయ్యని మర్యాద, కోడలు నాకు చేస్తుంది.

ఎండ పిట్టగోడ దిగింది. ఎదురింట్లో ఆరేసిన దుప్పటి మీద పడి, దుప్పటి సగం తెల్లగా సగం బూడిదగా ఉంది. తను ఇప్పుడు యాక్చుయేటర్ ఎంచుకుంటోంది, లోపల స్ప్రింగులున్నది కావాలంటోంది తనలో తనే. మూయవలసినప్పుడు గాలి స్ప్రింగుల్ని నొక్కిపెట్టి వాల్వుని మూస్తుంది, గాలి పోయిందా, స్ప్రింగులు విప్పుకుని వాల్వుని తెరిచేస్తాయి. వినడానికి ఇంతే. కానీ ఎప్పుడూ చివర చూడాలి అత్తయ్యా అంటుంది తను, మొదట్లో గాలికి బలం బాగానే ఉంటుంది, వాల్వు పూర్తిగా మూసుకోబోయే చోట గాలి అటు బిగుసుకున్న స్ప్రింగులతోనూ పోట్లాడాలి, ఇటు వాల్వు సీటుతోనూ పోట్లాడాలి, అక్కడ నెగ్గుతుందా లేదా చూడాలి. అది కూడా కార్ఖానాలో గాలి నిండుగా ఉన్నప్పుడు కాదు, అన్ని యంత్రాలూ ఒక్కసారే గాలి పీల్చుకుని గొట్టంలో ఒత్తిడి పడిపోయిన వేళ చూడాలి. అన్నిటికన్నా తక్కువ గాలి, అన్నిటికన్నా ఎక్కువ బరువు. అప్పుడు నిలిస్తే మిగతా రోజుల్లో నిలుస్తుంది. నేను చదువుతున్నాను, తను రాస్తోంది, ఒక సైజు చాలీచాలకుండా ఉంది, పై సైజు మరీ ఎక్కువైంది, మధ్యలో ఏమీ లేదు. తను పెన్సిలు చివర కొరికింది. ఈ కొరికే వేళ తనతో మాట్లాడకూడదు.

షాఫ్టాయన మా ఇంటికి వచ్చింది కూడా ఇలాంటి పై సైజు వల్లే. తను ఒంటరిగా పని మొదలుపెట్టిన కొత్తలో ఒక పెద్ద వాల్వుకి లెక్క కట్టింది. వాల్వు చేసినవాళ్లు ఎందుకైనా మంచిదని అసలు బలానికి కొంత కలిపి కేటలాగులో వేశారు. కొన్నవాళ్ల ఇంజనీరు ఎందుకైనా మంచిదని దాని మీద ఇంకొంత కలిపి పంపాడు. అప్పటికే కలిపారని తెలియక, మొగుడు పోయి ప్రతి లెక్కా రెండుసార్లు చూసుకునే రోజుల్లో, నా కోడలు ఎందుకైనా మంచిదని తనూ కొంత కలిపింది. ఆ పైన సైజు కుదరక పెద్దదాన్ని ఎంచుకుంది. తీరా అక్కడ గాలి వాళ్లు చెప్పినదానికన్నా గట్టిగా ఉంది. ఒక పొద్దున ఆ వాల్వు మొండికేస్తే యాక్చుయేటర్ ఊరుకోలేదు, వాల్వు ఇరుసుని, షాఫ్టంటారు దాన్ని, తడిబట్ట పిండినట్టు పిండేసింది. ఆ వాల్వుల బాగోగులు చూసే మనిషి దాన్ని గుడ్డలో చుట్టుకుని బస్సెక్కి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. తిట్టడానికి వచ్చాడనుకుని నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. ఆయన గుడ్డ విప్పి బల్ల మీద పెట్టాడు, లావుపాటి ఉక్కు కడ్డీ, మధ్యలో జడలా మెలితిరిగి ఉంది. "ఇందులో ఎవరి భయం ఎంతో పంచుకుందామని వచ్చానండి" అన్నాడు. నా కోడలు దాన్ని చూసింది, ముట్టుకుంది, నవ్వడం మొదలుపెట్టింది. వాడు పోయిన తర్వాత తను నవ్వడం నేను వినడం అదే మొదలు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది, తుడుచుకుంటూనే ఉంది, ఆయన తల దించుకుని ఆ కడ్డీనే చూస్తూ కూర్చున్నాడు, తను తేరుకునేదాకా. ఆ తల దించుకోవడం నాకు నచ్చింది. ఆ రోజే నాకు భయం కూడా వేసింది. అప్పుడే ఆయనకి షాఫ్టాయన అనే పేరు నేనే పెట్టాను, పేరు పెట్టి వేళాకోళం చేస్తే మనిషి చిన్నవాడైపోతాడని కాబోలు. కాలేదు.

తర్వాత ఆయన ఏదో ఒక వాల్వు వంక పెట్టుకుని వచ్చేవాడు, తర్వాత వంక లేకుండా వచ్చేవాడు, తర్వాత రాలేని రోజున ఫోన్ చేసేవాడు. కోడలు ఫోన్ పట్టుకుని వంటగదిలోకి వెళ్లి మాట్లాడుతుంది, తిరిగి వచ్చేటప్పుడు మొహం కడిగినట్టు మామూలుగా పెట్టుకుని వస్తుంది. సంతోషాన్ని నాకు కనపడకుండా దాచుకోవలసిన పరిస్థితి దానికి ఎవరు తెచ్చారు. నేను ఒక్క మాట అనలేదు. అనకపోవడం చాలదు. నా దగ్గుకి లేస్తుంది, నా మాత్రలు లెక్క చూస్తుంది, సినిమాకి వెళ్దామంటే మీరూ రండి అంటుంది, ఆయనా మీరూ రండి అంటాడు, ముగ్గురం వరసగా కూర్చుంటాం, మధ్యలో నేను. ఒకసారి చీకట్లో వాళ్లిద్దరూ నా తల మీదుగా ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. తెర మీద నవ్వు వచ్చే చోటు కాదది.

వాళ్లతో వెళ్లిపోతే. ఎన్నిసార్లు వెళ్లానో ఈ పొద్దుట్నుంచి. కిటికీ ఉన్న గది, కిటికీలో ఉప్పుగాలి, పక్క గదిలో పెన్సిలు చప్పుడు, ఎవరూ ఎవరినీ వదలనక్కర్లేదు, నేను కేటలాగు చదువుతాను, తను రాస్తుంది, ఆయన ప్లాంటు నుంచి వచ్చి చేతులు కడుక్కుంటాడు. ఎంత బాగుంటుందో. కళ్లు మూసుకుంటే ఆ ఇంటి తలుపు గొళ్లెం కూడా కనిపిస్తోంది. కానీ నేను మొహం కడుక్కునేటప్పుడు అద్దంలో నాకు నా కొడుకు గడ్డం కనిపిస్తుంది, నడుమ చిన్న నొక్కు, వాడు పుట్టగానే అందరూ తల్లి గడ్డమే అన్నారు. వాడి నుదురూ నాదే. వయసు పెరిగే కొద్దీ వాడు నా మొహంలో ఇంకా స్పష్టంగా తేలుతున్నాడు. ఒక్కోసారి అన్నం తింటూ తలెత్తితే కోడలు నన్నే చూస్తూ ఉంటుంది, నన్ను కాదు. చూపు తిప్పేసుకుంటుంది. నేను ఆ ఇంట్లో ఉన్నంతకాలం వాడు కూడా ఉంటాడు, ప్రతి పూటా వాళ్ల ఎదురుగా కూర్చుని అన్నం తింటాడు. నాకు అది కావాలి. నాకు వాడు ఉండడమే కావాలి. కోడలికి వద్దు అని కాదు, దానికీ కావాలి, అందుకే అది కదలదు, ఈ మొహం ఎదురుగా ఉన్నంతకాలం అది సగం ఈ ఇంట్లోనే కూర్చుని ఉంటుంది, సముద్రం పక్కనైనా సరే. నేను ఉండిపొమ్మంటే ఏమవుతుందో కూడా తెలుసు. ఆయన తల దించుకుని వింటాడు, గ్లాసు కింద పెట్టి వెళ్లిపోతాడు, తను కిటికీ దగ్గర నిలబడదు, బల్ల దగ్గర కూర్చుని పై సైజా కింద సైజా అని పెన్సిలు కొరుకుతుంది, మేమిద్దరం చాలా కాలం ఒకరినొకరు చూసుకుంటూ ఉంటాం. తర్వాత నేను పోతాను. నేను ఆగమన్నా ఆగని పోక అది. అప్పుడు మలుపు దాకా చూడడానికి దానికి ఎవరున్నారు. ఇన్ని వీడ్కోళ్లు ఒంటి మీద వేసుకుని తిరుగుతున్నాను, ఒక్కటైనా నా అంతట నేను చెప్పింది లేదు. అన్నీ నా మీద నుంచి వెళ్లిపోయినవే.

ఎండ చువ్వల మీదికి వచ్చింది, నేల మీద గీతలు పడ్డాయి. పై సైజు వద్దు అత్తయ్యా, ఈ చిన్నది నిలుస్తుంది, మళ్లీ మళ్లీ చూశాను అని తను కాగితం మడిచి లేచింది, టీ పెడతానని లోపలికి వెళ్లింది. వెళ్తూ నా వైపు చూడలేదు. ఆ చూడకపోవడంలో ఎంత అడగడం ఉందో. అప్పుడే మెట్ల మీద అడుగులు, ఆయన అడుగుల్లో తొందర ఉండదు, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టేవాడిలా వస్తాడు. తలుపు నేనే తీశాను. బాగా ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్నాడు, కాలరు దగ్గర ఒక దారం వేలాడుతోంది, ఇంట్లో చెప్పేవాళ్లు లేని మనిషికి ఉండే దారం. బాగున్నారా పెద్దమ్మగారూ అన్నాడు. కూర్చోమన్నాను. మంచినీళ్లిచ్చాను. తాగాడు. గ్లాసు రెండు చేతుల మధ్య పెట్టుకుని లోపలి గది వైపు చూడకుండా ఉండడానికి కష్టపడుతున్నాడు.

ఏదో ఒకటి అనాలని నోరు తెరిచాను. అనుకున్న రెండు మాటల్లో ఏదీ రాలేదు.

"దానికి తడిగాలి పడదు బాబూ, తుమ్ములు పట్టుకుంటాయి. మీరు వెళ్లే చోటు సముద్రం పక్కనే అన్నారు. పొద్దున్నే కిటికీలు తీయకండి, ఎండెక్కాక తీయండి."

అలాగేనండి అన్నాడు, ఎందుకు చెబుతున్నానో తెలియక. నేను ఆగలేకపోయాను. లెక్క తేలకపోతే అది అన్నానికి లేవదు, పిలవకు, కంచం తెచ్చి పక్కన పెట్టి ఊరుకో, తనే తింటుంది అన్నాను. పెన్సిలు కొరుకుతున్నప్పుడు పలకరించకు. టీ చల్లారబెట్టుకుని మర్చిపోతుంది, ఒకసారి గుర్తుచెయ్యి, రెండోసారి చెయ్యకు, కోపమొస్తుంది. ఉరుముకి భయం, భయమని ఒప్పుకోదు, ఆ వేళకి అదే గదిలో ఏదో పని పెట్టుకో. ఏడిస్తే ఎందుకని అడగకు. ఆయన గ్లాసు మెల్లగా కింద పెట్టాడు. కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు, తుడుచుకోలేదు, పట్టుకున్నాడంతే. ఆయనకి అర్థమైంది.

వంటగది గుమ్మంలో కోడలు నిలబడి ఉంది, పళ్లెంలో మూడు కప్పులు, ఎప్పటి నుంచి నిలబడిందో.

"అత్తయ్యా, అవన్నీ ఆయనకెందుకు చెప్తున్నారు? మీరుంటారు కదా అక్కడ."

"నేను రావడం లేదమ్మా" అన్నాను. "నువ్వు వెళ్తున్నావు."

నేను లేచి వెళ్లి ఆ పళ్లెం అందుకున్నాను, తను నా భుజం మీద నుదురు పెట్టింది, వద్దని అంటుందేమోనని చూశాను, వద్దని అనాలని అంత ఆశగా ఉండింది నాకు, ఆ ఆశకి సిగ్గు కూడా పడలేదు. తను అనలేదు. ఊపిరి మాత్రం పెద్దగా వదిలింది, చాలా కాలంగా బిగబట్టుకున్నదాన్ని వదిలినట్టు, వేడిగా నా మెడ మీద తగిలింది. ఆయన లేచి నిలబడ్డాడు, ఏం చెయ్యాలో తెలియక మళ్లీ కూర్చున్నాడు.

కాసేపటికి, తల దించుకునే, "ఇంకా ఏమన్నా ఉన్నాయా పెద్దమ్మగారూ, చెప్పవలసినవి?" అని అడిగాడు.

"చాలా ఉన్నాయి" అన్నాను. "ఒక్క పూటకి తేలేవి కాదు. ముందు టీ తాగు."